నా బోడి బోడోని

మనలో మన మాట, మీకూ ఏదో ఒక పిచ్చి ఉండే ఉంటుంది. ఒకరికి డికాక్షన్ చిక్కదనం మీద, ఇంకొకరికి పాత పాటలో ఆ ఫ్లూటు ఎవరు ఊదారన్న దాని మీద. పక్కింటాయనకి మామిడిపళ్ల మీద ఉంది. రసాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఏ ఊరి తోటదో చెబుతాడు, తప్పు చెప్పినా ధైర్యంగా చెబుతాడు. నా పిచ్చి అక్షరాల మీద. అక్షరాలంటే సాహిత్యం అనుకునేరు. అంత గొప్ప పిచ్చే అయితే మీ ముందు ఇలా తలవంచుకుని కూర్చోవాల్సిన పని ఉండేది కాదు. నాది అక్షరాల ఆకారం మీద పిచ్చి. ఇంగ్లీషు ఫాంట్ల మీద. అందులోనూ ఒకే ఒక్క ఫాంటు మీద. దాని పేరు బోడోని.

అంటుకున్నది ఒక ఏసీ సెలూన్లో. నా వంతు రావడానికి టైముంది కదా అని అక్కడ పడున్న వోగ్ పత్రిక చేతిలోకి తీసుకున్నాను. అట్ట మీద హీరోయిన్ ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు. నేను చూసింది ఆవిడ తల వెనకాల ఉన్న పేరుని. నిలువు గీతలు బొద్దుగా, నల్లగా, దర్పంగా నిలబడ్డాయి. మిగతా గీతలు వెంట్రుకవాసి సన్నం. మధ్యరకం అంటూ లేదు. ఉంటే లావు, లేకపోతే సన్నం. నా జుట్టు ఎలా కత్తిరించారో గమనించలేదు, ఇంటికొచ్చాక మా ఆవిడే చెప్పింది బాగా పాడు చేశారని. నేను అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అక్షరాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నాను. ఓ గంటలో బోడోని దొరికాడు. దొరికిన క్షణం నుంచి నేను అక్షరశాస్త్ర పండితుణ్ణి అయిపోయాను. పండితుడు కావడానికి గంట చాలా ఎక్కువ అని మీకూ అనుభవమే కదా.

అప్పట్నుంచి మా బంధువర్గం పడ్డ బాధ చెప్పనలవి కాదు. పెళ్లిలో, పేరంటంలో, పెద్దకర్మ భోజనంలో కూడా నేను జంబాతిస్తా బోడోని జీవితచరిత్ర విప్పేవాణ్ణి. ఇటలీలో సలూజో అనే ఊళ్లో 1740లో పుట్టాడు. ముద్రాపకుల ఇల్లు. కుర్రతనంలోనే రోముకి వెళ్లి, క్రైస్తవ మత ప్రచారం కోసం పోప్ కొలువు నడిపే అచ్చుకూటంలో చేరి, ప్రాచ్య లిపుల మీద చెయ్యి తిప్పుకున్నాడు. 1766లో ఉద్యోగం వదిలేసి ఇంగ్లండు బయల్దేరాడు. దారిలో జ్వరం తగులుకుని ఇంటికి తిరిగొచ్చాడు. ఆ జ్వరమే రాకపోతే ఏమయ్యేదో అని నేను ఇక్కడ ఒక నిట్టూర్పు వదిలేవాణ్ణి. ప్రతిసారీ అక్కడే వదిలేవాణ్ణి. 1768లో పార్మా ప్రభువు పిలిచి ఆస్థాన ముద్రణాలయం అప్పగించాడు. ఇక అక్కడే స్థిరపడి, చచ్చేదాకా అక్షరాలు చెక్కుతూనే ఉన్నాడు. 1813లో పోయాడు. భార్య మార్గెరీటా ఊరుకోలేదు. ఆయన జీవితకాలం శ్రమంతా రెండు సంపుటాల అక్షర నమూనా గ్రంథంగా 1818లో అచ్చు వేయించింది.

ఇక్కడికి వచ్చేసరికి మా బావగారు ఎప్పుడూ ఒకే మాట అనేవారు. "ఒరేయ్, ఆ ఇల్లాలు మహాతల్లి. మొగుడి పిచ్చి అచ్చేయించింది. మీ ఆవిడ నీ పిచ్చి భరిస్తోంది. ఇద్దరికీ దండం. ఇప్పుడు ఆ మజ్జిగ ఇటు తోస్తావా?"

మజ్జిగ తోస్తూనే నేను రెండో అధ్యాయం మొదలుపెట్టేవాణ్ణి. ఆ సన్నగీత ఊరికే రాలేదు బావా, అంటూ. అంతకు ముందు కాలపు కాయితం గరుకు. దాన్ని తడిపి, సీసపు అక్షరాల మీద పెట్టి గట్టిగా నొక్కాలి. సన్నగీత పెడితే సిరా పాకి లావైపోతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. ఇంగ్లండులో బాస్కర్‌విల్ అనే ఆయన బర్మింగ్‌హామ్‌లో కూర్చుని దాని సంగతి చూశాడు. నున్నటి కాయితం రాబట్టాడు, సిరా నలుపు పెంచాడు, అచ్చయిన కాయితాల్ని వేడి రాగిరేకుల మధ్య పెట్టి ఇస్త్రీ చేశాడు. 1757లో ఆయన వేసిన వర్జిల్ కావ్యం చూసి యూరప్ నోరు తెరిచింది. అప్పుడు గానీ అక్షరం నాజూకు పోవడానికి వీలు చిక్కలేదు. ప్యారిస్‌లో డిడో కుటుంబం, పార్మాలో మన బోడోని ఆ నాజూకుతనాన్ని చివరిదాకా లాగారు. గీతల చివర ఉండే చిన్న పాదాలున్నాయే, వాటికి పాత అక్షరాల్లో ఒక ఒంపు ఉండేది. వీళ్లు ఆ ఒంపు తీసేసి, నిలువు కంబం కింద ఒక పోచ అడ్డంగా పెట్టి వదిలేశారు.

"నీ బోడి బోడోని నువ్వూ!" అని బావగారు చెయ్యి కడుక్కోవడానికి లేచేవారు. ఆ పేరే నిలిచిపోయింది. మా పిల్లలంతా నన్ను చాటుగా 'బోడి బోడోని' అంటారని నాకు తెలుసు. తెలిసినా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఒక చరిత్రపురుషుడి పేరు పెట్టారు కదా అని.

మొదటి దెబ్బ మా మేనల్లుడి చేతిలో తిన్నాను. వాడు హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు, వాడి ఫ్రెండ్సు కూడా ఉన్నారు, నేను వోగ్ పత్రిక తెరిచి, "చూశారా, ఇది బోడోని" అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. పిల్లలు మర్యాదస్తులు, మొత్తం విన్నారు. అంతా అయ్యాక వాడు నెమ్మదిగా, "మామయ్యా, అది బోడోని కాదు, డిడో" అన్నాడు. హార్పర్స్ బజార్ కూడా డిడోయే అట. ఆ పత్రిక కోసం 1991లో జొనాథన్ హోఫ్లర్ అనే అమెరికా కుర్రాడు కొత్తగా గీశాడట. అంటే, ఏ పేరుని చూసి నేను బోడోనికి దాసుణ్ణి అయ్యానో ఆ పేరు బోడోని చెక్కిన తీరులోదే కాదు! పక్కవీధి అమ్మాయిని చూసి మనసు పారేసుకుని, ఈ వీధి అమ్మాయికి ఉత్తరాలు రాసినట్టయింది నా బతుకు.

బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు. నేను "రెండూ ఒకటేలేరా, ఒకే కుటుంబం" అని గొంతు సవరించుకున్నాను. ఓడిపోయినప్పుడు మనందరం అనే మాటే అది.

ఇక అసలు కథ. మా అక్క కూతురు హేమకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు పేరు వేణు. వాళ్లది పుణెలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, అటువైపు స్నేహితుల్లో తెలుగు చదవలేనివాళ్లే ఎక్కువ. కాబట్టి శుభలేఖ ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. అక్క అమాయకంగా, "నీకు ఈ అక్షరాల సంగతి తెలుసు కదరా, కార్డు పని నువ్వు చూసుకో" అంది. జీవితంలో నన్ను నమ్మి ఎవరైనా పని అప్పగించడం అరుదు. నాకు కళ్లు చెమర్చాయి.

విజయవాడలో ఒక ప్రెస్సుకి వెళ్లాను. డీటీపీ కుర్రాడు కంప్యూటర్ ముందు ఉన్నాడు, ప్రెస్సు యజమాని పెద్దాయన పక్కన ప్లేట్లు చూసుకుంటున్నాడు. నేను జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాను. అందులో బోడోని ఉంది. డబ్బు పెట్టి కొన్నానని మీరు అనుకుంటే మీరు దేవుళ్లు. ఎప్పుడో ఒక మిత్రుడి దగ్గర వేల ఫాంట్లున్న సీడీ దొరికితే అందులోంచి ఎత్తాను. మహాశిల్పి అంటూ ఊరంతా పొగిడి, ఆయన అక్షరాల్ని మాత్రం దొంగసరుకుగా జేబులో వేసుకు తిరిగాను. ఈ ఒక్కటీ బయటికి పొక్కనివ్వకండి.

ముందు కుర్రాడితో, తెలుగు వైపు కూడా ఇదే ధోరణిలో చేద్దాం, నిలువు లావు చేసి తలకట్లు దారప్పోగుల్లా సన్నబరచు అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "తెలుగులో నిలువు ఎక్కడుందండీ?" అన్నాడు. నిజమే. మన అక్షరం గుండ్రం. తాటాకు మీద గంటంతో గీకినప్పుడు గీత అంతటా ఒకే మందం. లావు సన్నం అనేది పశ్చిమాన కలం పాళీ తెచ్చిన వ్యవహారం. మొనదేలిన పాళీని కిందికి లాగేటప్పుడు నొక్కితే లావు, పైకి పోయేటప్పుడు వదిలితే సన్నం. బోడోనిలో కనబడేది ఆ పాళీ వయ్యారమే. ఇదంతా ఆ కుర్రాడు ఒక్క ప్రశ్నలో తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదనుకోండి, "సరే, తెలుగు నీ ఇష్టం" అని ఉదారంగా వదిలేశాను. నేను ఆ కార్డుకి చేసిన ఒకే ఒక్క మేలు అది.

ఇంగ్లీషు వైపు మాత్రం పూర్తిగా నా సామ్రాజ్యం. ముదురు మెరూన్ నేల. దాని మీద తెల్లగా అక్షరాలు. పేర్లు అన్నీ పెద్దబడి అక్షరాల్లోనే, కానీ సైజు చిన్నది, ఎందుకంటే చుట్టూ ఖాళీ ఉంటేనే హుందా అని నేను ఎక్కడో చదివాను. కాయితం నున్నటి ఆర్ట్ పేపరు కాదు, గరుగ్గా, చేత్తో చేసినట్టుండే ఖరీదైన రకం. పెద్దాయన అద్దాలు పైకి నెట్టుకుని, "మాస్టారూ, గీతలు మరీ సన్నం. ఈ కాయితం మీద రివర్సులో ఎక్కవు. కాస్త బోల్డ్ పెట్టుకుందామా? లేకపోతే వేరే ఫాంటు?" అన్నాడు. ఎన్నో దశాబ్దాలు సిరాలో మునిగి తేలిన మనిషి. ఆయనకి నేను చెప్పిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ దిండు కింద మొహం దాచుకోవాలనిపిస్తుంది. "అచ్చు గురించి మీకు తెలుసేమో గానీ అక్షరం గురించి మీకు తెలీదండీ" అన్నాను. అని ఊరుకోలేదు, సలూజో నుంచి మొదలుపెట్టాను. జ్వరం దగ్గర నిట్టూర్పు కూడా వదిలాను.

ఆయన ఏమీ అనలేదు. ప్రూఫు చూడమన్నాడు. నేను కంప్యూటర్ తెర మీద దాన్ని గోడంత పెద్దది చేయించుకుని చూశాను. అద్భుతంగా ఉంది. ఓకే చేసి సంతకం పెట్టి, బోడోనిలో కాదు పాపం, నా కోడికెలుకుడులో పెట్టి, ఇంటికొచ్చి కాఫీ తాగాను.

కార్డుల కట్టలు వచ్చాయి. అక్క పసుపు బొట్టు పెట్టి మొదటి కార్డు తీసి దేవుడి దగ్గర పెట్టబోయి ఆగింది, దగ్గరికి పెట్టుకుంది, దూరం పెట్టుకుంది, కళ్లజోడు తెమ్మంది, కళ్లజోడుతోనూ చూసింది, వెలుతురు కోసం వరండాలోకి నడిచింది, బావగారు వెనకాల వెళ్లారు, హేమ వెళ్లింది, వంటావిడ కూడా వెళ్లింది, నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు, ఎందుకంటే నాకు వరండాలో నిశ్శబ్దం వినబడుతోంది. అప్పుడు అక్క గొంతు వినిపించింది. "ఏంట్రా ఇది, శుభలేఖా, బార్‌కోడా?"

వెళ్లి చూశాను. సన్నగీత ఒక్కటీ లేదు. మెరూన్ సిరా నలుమూలల నుంచి పాకి వాటిని మింగేసింది. హెచ్‌లో అడ్డగీత పోయి రెండు నిలువు కర్రలు మిగిలాయి. ఈ-కి మూడు చేతులూ పోయి ఒక కర్ర. ఎం-లో ఒక ఏటవాలు కర్ర, ఒక నిలువు కర్ర. ఏ-లో కుడికాలు ఒక్కటే. అదీ మా హేమ. వేణు గతి ఇంకా అన్యాయం. వి-కి సగం, ఈ-కి కర్ర, ఎన్‌కి రెండు నిలువు గీతలూ సన్నమే కాబట్టి మధ్య ఏటవాలు దుంగ, యు-కి ఎడమ పక్క. వధూవరులిద్దరూ కర్రల మోపులయ్యారు. కింద ఫోన్ నంబర్లో నాలుగు ఏదో ఒకటి ఏదో ఆ భగవంతుడికే తెలియాలి. కార్డు తిప్పితే, ఆ కుర్రాడు చేసిన తెలుగు వైపు, తలకట్టుతో సహా, పూర్ణచంద్రుడిలా కళకళలాడుతోంది.

మళ్లీ వేయించడానికి టైము లేదు. డబ్బు సంగతి బావగారు ఎత్తలేదు, అది ఇంకా నరకం. రాత్రి అందరూ పడుకున్నాక నేను తెల్ల జెల్ పెన్నుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. ఆ మహానుభావుడు ఉక్కు మొన మీద ఆకురాయితో అరగదీసి సాధించిన గీతల్ని నేను చాప మీద చతికిలబడి పెన్నుతో గీస్తున్నాను. మొదటి కట్ట పర్వాలేదు. రెండో కట్టకి నిద్ర ముంచుకొచ్చింది. రెండు కర్రల మధ్య అడ్డంగా గీయాల్సిన గీత ఏటవాలుగా పడిపోయింది. అలా గీస్తే హెచ్ కాస్తా ఎన్ అవుతుందని తెల్లారాక మా ఆవిడ చెప్పింది. కొంతమంది పుణె అతిథులు పెళ్లికొచ్చి, "నేమా ఎక్కడ?" అని అడిగారు. హేమ నవ్వుతూనే చెయ్యెత్తింది. పిల్ల బంగారం.

తర్వాత మేనల్లుడు నాకు క్లాసు పీకాడు. నేను కాయితం మార్చానట, సిరాకి చోటిచ్చానట. మెరూన్ అంటే ఒక రంగు కాదు, నాలుగు రంగుల చుక్కల పొత్తు. వాటిలో ఏ ఒక్కటి ఆవగింజంత జరిగినా మధ్యలో ఉన్న తెల్ల పోచ మునిగిపోతుంది. నున్నటి కాయితం దొరికింది కాబట్టే పుట్టిన అక్షరాన్ని నేను గరుకు కాయితం మీదికి తోశాను. అన్నిటికీ మించి, బోడోని ఒకే అక్షరాన్ని అన్ని సైజులకీ సాగదీయలేదట. ప్రతి సైజుకీ విడిగా చెక్కాడు. చిన్న అక్షరాలకి సన్నగీతలు కాస్త బలంగా పెట్టాడు, పెద్దవాటికి మాత్రమే నాజూకు. కంప్యూటర్లు వచ్చాక ఒకే బొమ్మని కుదించడం, పెంచడం అలవాటైంది. నా దొంగ సీడీలో ఉన్నది పోస్టరుకి పనికొచ్చే పెద్ద సైజు బొమ్మ. అది ఊరంత హోర్డింగ్ మీద రాణి, విజిటింగ్ కార్డు మీద అదృశ్యం. హోఫ్లర్ తన డిడోని ఏడు సైజులకి ఏడు రకాలుగా గీశాడట. 1994లో వచ్చిన ఐటీసీ బోడోనికి మూడు రకాలున్నాయట. "ఇంకో సంగతి మామయ్యా, బోడోని మోడా అని ఉంది, సైజుని బట్టి గీత మందం మారుతుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ" అన్నాడు. ఫ్రీ! నేను దొంగతనం కూడా దండగగా చేశాను.

వాడే ఇంకో కథ చెప్పాడు. పైన చెప్పిన బాస్కర్‌విల్ అక్షరాలు కళ్లు పోగొడతాయని ఒక పెద్దమనిషి వాదించాడట. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఊరుకుంటాడా? కాస్లన్ అనే పాత ఆయన అక్షరాల నమూనా కాయితం తెచ్చి, పైన పేరు చించేసి, ఇవిగో బాస్కర్‌విల్ అక్షరాలు, తప్పులు చూపించండి అన్నాడు. పెద్దమనిషి ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి దోషాలు చూపిస్తూ, చదువుతుంటేనే కళ్లు నొప్పి పుడుతున్నాయన్నాడు. అవి తన జన్మంతా హాయిగా చదువుకున్న అక్షరాలే అని ఫ్రాంక్లిన్ ఆయనకి చెప్పకుండా వదిలేశాడు. ఈ ముచ్చటంతా 1760లో బాస్కర్‌విల్‌కి ఉత్తరంగా రాశాడు. కథ విని మా ఇంట్లో అందరూ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

బోడోనిని తిట్టినవాళ్లూ ఉన్నారండీ, నేనొక్కణ్ణే చెడగొట్టలేదు. విలియం మోరిస్ అంతటివాడు 1893లో ఆ లావు సన్నాల వెర్రిని ఉతికి ఆరేశాడు, అంత చదవరాని అక్షరం ఇంకోటి పుట్టలేదన్నాడు. మా అక్క మోరిస్‌ని చదవలేదు, బార్‌కోడ్ అన్న ఒక్క ముక్కలో అదే తేల్చింది. అయినా నా అభిప్రాయం నాకుంది. మోరిస్ తప్పు. పెద్దగా వేసి, చుట్టూ జాగా వదిలి, మంచి కాయితం మీద అచ్చొత్తిన బోడోనికి సాటి లేదు. మసీమో విన్యెల్లి లాంటి డిజైనరు వేల ఫాంట్లలోంచి గుప్పెడు చాలన్నాడు, ఆ గుప్పెట్లో బోడోనిని ఉంచుకున్నాడు. తప్పు అక్షరానిది కాదు, జెల్ పెన్ను వాడాల్సి వచ్చినవాడిది.

ప్రెస్సు పెద్దాయనకి పళ్లు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన టీ తెప్పించి, "ప్రతి సీజన్లో ఒకరు వస్తారు మాస్టారూ, మీరు కనీసం చరిత్ర చెప్పారు" అన్నాడు.

ఇంత జరిగాక నేను బాగుపడ్డానని మీరు అనుకుంటున్నారు. మొన్ననే ఇంటికి ఇత్తడి నేమ్‌ప్లేటు చేయించాను. చెక్కేవాడు వద్దన్నాడు. నేను వినలేదు. ఒక్క వానాకాలానికి సన్నగీతల్లోకి చిలుము చేరి అంతా ఒకటే రంగయింది. కొరియర్ కుర్రాళ్లు గుమ్మం ముందు నిలబడి, ఇల్లెక్కడ అని నాకే ఫోన్ చేస్తున్నారు. మీరెప్పుడైనా మా ఇంటికి రావాలనుకుంటే గోడ మీద పేరు కోసం వెతక్కండి. పచ్చ గేటు, పక్కన ఇస్త్రీ బండి, అదే మా ఇల్లు. లేదా ఆ బండి అతన్ని 'బోడి బోడోని గారి ఇల్లెక్కడ' అని అడగండి, చూపిస్తాడు.